పగిలిన రాయి చుట్టూ ఎర్ర తాడు

మ్యూజియంలో కాపలా ఉద్యోగమంటే కుర్చీలో కూర్చుని కునికిపాట్లు పడడమేనని లోకం అభిప్రాయం. లోకానికేం, ఎన్నైనా అనుకుంటుంది. పొద్దున తలుపులు తీసింది మొదలు సాయంత్రం మూసేదాకా వచ్చినవాళ్ళ చేతుల్నే చూస్తూ కూర్చోవాలి. మొహాలు కాదు, చేతులు. ఏ వేలు గాజుపెట్టె మీద ముద్ర వేస్తోంది, ఏ పిల్ల ఏ గంగాళం అంచు పట్టుకుని లోపలికి తొంగిచూస్తోంది, ఏ పెద్దమనిషి ఉంగరంతో ఇత్తడి బిందె మీద టకటకమని కొట్టి మోత వింటున్నాడు, ఇదే పని. ఆ పనిలోనే తల నెరిసిపోయినవాడొకడున్నాడు. ఆయన్ని మ్యూజియంలో అందరూ వద్దుబాబాయ్ అంటారు.

ఎందుకంటారో వేరే చెప్పాలా? "ముట్టుకోవద్దు బాబూ", "ఆనుకోవద్దమ్మా", "గీకొద్దు నాయనా" అని రోజంతా అదే పాట. ఇంట్లో కూడా భార్య మారు వడ్డించబోతే ముందు వద్దంటాడు, ఆవిడ గరిటె వెనక్కి తీసుకున్నాక "కొంచెం వెయ్యి" అంటాడు. ఆవిడ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. పొద్దస్తమానం వేడితోనే పని కాబట్టి నోట్లోంచి వచ్చే మాట కూడా కాస్త వేడిగానే వస్తుంది. "అంత నోరు పెట్టుకుని అరుస్తావే, ఒక్కరైనా వింటారా నీ మాట?" అని అడిగేది అప్పుడప్పుడూ.

వినరు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ముట్టుకోవద్దంటే మనిషి ఒకసారి ఆయన వైపు చూస్తాడు, ఒకసారి బిందె వైపు చూస్తాడు, నిజంగానే ముట్టుకోకూడని వస్తువేనా అని ఇంకోసారి ముట్టుకుని చూసుకుని మరీ వెళతాడు. ఆయన కాపలా కాసే పాత్రల గదిలో గుమ్మం పక్కనున్న పెద్ద కంచు గంగాళానికి ఒకవైపంతా నల్లగా చిలుము పట్టింది, జనం చెయ్యి తగిలే వైపు మాత్రం బంగారంలా మెరుస్తుంది. ఆ మెరుపు చూసినప్పుడల్లా తన సర్వీసంతా కళ్ళముందు కనిపించి ఆయనకి నీరసం వచ్చేది.

సరే, అసలు సంగతికి వద్దాం. పాత్రల గదికి కొత్తగా ఒక రాతి తొట్టి వచ్చింది. ఏనుగంత బరువు. మోసుకొచ్చిన కూలీలు దాన్ని దింపడంలో ఒక అంచు జారవిడిచారు. తొట్టికి ఏమీ కాలేదు. నేల మీద పరిచిన నల్లరాయి మాత్రం నిలువునా రెండు ముక్కలైంది. ఒక ముక్క బుద్ధిగానే ఉంది. రెండో ముక్క మీద కాలు పెడితే ఊయలలా ఊగుతుంది. తొట్టి భద్రంగా ఉందో లేదో చూడడానికి అధికారులు వచ్చారు, నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయించారు, హమ్మయ్య అనుకుని వెళ్ళిపోయారు. నేల సంగతి ఎవరికీ పట్టలేదు.

వద్దుబాబాయ్ వెళ్ళి మేడమ్ గారికి చెప్పాడు. మేడమ్ గారంటే ఆ అంతస్తు మొత్తానికి పెద్దధికారి. చెడ్డ మనిషి కాదు, కాకపోతే ఎప్పుడూ ఒక మీటింగు నుంచి ఇంకో మీటింగుకి నడుస్తూ ఉంటుంది, ఆవిడతో ఏం చెప్పాలన్నా వెంట నడుస్తూ చెప్పాలి. "మేస్త్రీని పంపిస్తాను" అంది. పంపించింది కూడా. మేస్త్రీ వచ్చి రాతిని కాలితో ఊపి చూసి, "ఇదే రంగు రాయి దొరకాలి" అని వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే.

పోనీ ఒక బోర్డయినా పెట్టండి, రాయి కదులుతోంది జాగ్రత్త అని, అని అడిగాడు. అక్కడే వచ్చింది చిక్కు. మ్యూజియంలో గోడకి ఏ అక్షరం ఎక్కాలన్నా లేబుళ్ళ కమిటీ చూడాలి. అక్షరాలు ఎంత ఉండాలి, అట్ట ఏ రంగులో ఉండాలి, మాటలు సరిగ్గా ఉన్నాయా లేదా అన్నీ వాళ్ళే తేల్చాలి. వెయ్యేళ్ళ నాటి కుండకీ, నిన్న పగిలిన రాయికీ ఒకటే రూలు. కమిటీ కూర్చున్నప్పుడు చూస్తాం అన్నారు.

ఎదురుచూసి ఎదురుచూసి ఒక పొద్దున ఆయనే స్టోరు గదిలోకి వెళ్ళి ఇత్తడి స్తంభాలు నాలుగు, ఎర్ర మఖమల్ తాడు ఒకటి తెచ్చాడు. ఎప్పుడో ఒక సింహాసనం చుట్టూ పెట్టినవి అవి. సింహాసనం మరమ్మతుకి వెళ్ళింది, తాడు మిగిలింది. స్తంభాలు తుడిచి, పగిలిన రాయి చుట్టూ నిలబెట్టి, తాడు కట్టాడు. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటే తృప్తిగా అనిపించింది. మేడమ్ గారు అటుగా నడుస్తూ చూసి "మంచి పని చేశారు, అలాగే ఉంచండి" అంది. ఆ రాత్రి భార్యకి చెప్పుకున్నాడు కూడా. ఆవిడ కూడా మెచ్చుకుంది, అంత సులభంగా మెచ్చుకునే మనిషి కాదు.

ఇక చూడండి తమాషా. మ్యూజియంలో ఎర్ర తాడు కనిపిస్తే జనం ఏమనుకుంటారు? లోపల ఏదో గొప్పది ఉందనుకుంటారు. ఇన్నాళ్ళూ ఆ మూలకి తలతిప్పనివాళ్ళు గుమ్మంలో అడుగుపెట్టడమే తిన్నగా తాడు దగ్గరికి నడవడం మొదలుపెట్టారు. చుట్టూ మూగి, మెడలు చాచి, నేలకేసి చూస్తారు. ఫోన్లు తీసి ఫోటోలు తీసుకుంటారు. ఒక తండ్రి తన కూతురికి "ఇది పాత బావి మూత తల్లీ" అని వివరించాడు. ఒక గైడు అయితే ఇంకా నాలుగాకులు ఎక్కువ చదివినవాడు, "దీని కిందనుంచి సొరంగం" అని గొంతు తగ్గించి చెప్పాడు. వద్దుబాబాయ్ నోరు ఊరుకోక "ఏమీ లేదండీ, రాయి పగిలింది, అంతే" అంటే, వాళ్ళు ఆయన వంక అనుమానంగా చూశారు. "మనకి చెప్పరులే" అని ఒకావిడ మొగుడితో అంది. వెయ్యేళ్ళ బిందెలూ గంగాళాలూ గోడవారగా బిక్కమొహాలు వేసుకుని నిలబడితే, పగిలిన రాయి పెళ్ళికొడుకైపోయింది.

ఆయనకి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. తాడు లేనప్పుడు ఎప్పుడో ఒకరు దాని మీద కాలు వేసేవారు. తాడు కట్టాక అందరూ అక్కడే ఉంటున్నారు. తీసేస్తేనో? తీసేస్తే ఎవరైనా పడితేనో? తల గోక్కుని తాడుని అలాగే ఉంచేశాడు.

అలా ఉండగా వచ్చింది టైలరమ్మ. ఊళ్ళో ఒక బట్టల కొట్టులో కత్తిరింపులు చేసే మనిషి. పక్క గదిలో పాత జరీ పని ఉన్న గుడ్డలు పెట్టారని ఎవరో చెబితే సెలవు రోజున చూడ్డానికి వచ్చింది. వస్తూ వస్తూ పాత్రల గదిలో తాడు చూసింది, ఆగింది. అప్పటికి జనం ఇంకో గదిలోకి వెళ్ళిపోయారు, ఆవిడ ఒక్కతే ఉంది. నేలమీది నెర్రె నిలువుగా, గుడ్డ మీద కత్తెర పోయినంత తిన్నగా ఉండేసరికి ముచ్చటేసిందో ఏమో, తాడు మీదుగా వంగి దాని వైపు చెయ్యి చాచింది.

వద్దుబాబాయ్ అప్పుడు గది ఆ చివర ఉన్నాడు. చెయ్యి కదలడం కనిపించింది. అన్నేళ్ళ అలవాటు, ఆలోచనకంటే ముందు నోరు పరిగెత్తింది.

"ముట్టుకోవద్దమ్మా!"

ఆ కేకకి పక్క గదిలో వాళ్ళు కూడా తిరిగి చూశారు. టైలరమ్మ ఉలిక్కిపడింది. వెంటనే రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది, బడిలో టీచరు గద్దించిన పిల్లలా. ఒక చేత్తో ఇంకో చేతి మణికట్టు గట్టిగా పట్టుకుని, ఆయన వైపు చూసి, సరేనన్నట్టు తలూపి చిన్నగా నవ్వింది. చేతులు పెట్టకుండా చూస్తే తప్పులేదుగా అనుకుంది కాబోలు, ఇంకాస్త ముందుకి వంగింది. నిలదొక్కుకోవడానికి ఒక కాలు తాడు కిందనుంచి లోపలికి జరిపింది. రాయి ఊగింది.

ఆవిడ పక్కకి ఒరిగి పడింది. పడుతున్నప్పుడు కూడా చేతులు వెనకే ఉన్నాయి. రాతి తొట్టి అంచుకి కుడిభుజం తగిలిన చప్పుడు ఆయనకి గది ఆ చివరికి కూడా వినిపించింది. పరిగెత్తుకెళ్ళి లేవదీయబోతే ఆవిడ నొప్పితో పళ్ళు బిగించి, ముందుగా అన్న మాట ఇది:

"నేనేం ముట్టుకోలేదన్నయ్యా."

భుజం ఎముక విరిగింది. ఆస్పత్రిలో కట్టు కట్టారు, విప్పారు. కట్టు విప్పాక చెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు, కత్తెర బిగించి పట్టుకోవడానికి పట్టు చాలడం లేదు. కొన్నాళ్ళు ఆగి, ఆవిడ ఒక లాయరమ్మ చేత మ్యూజియం మీద కేసు వేయించింది.

మ్యూజియానికీ ఒక లాయరు గారున్నారు. తెల్లగా, మెత్తగా, ఎంత అయోమయమైన విషయమైనా పాలు కాచినంత నిదానంగా చెప్పే మనిషి. ఆయన వద్దుబాబాయ్‌ని మేడమ్ గారి గదిలో కూర్చోబెట్టుకుని మాట్లాడాడు.

"తాడు కట్టింది మీరేనా?"

"నేనేనండీ," అన్నాడు ఆయన, శభాష్ అంటారేమోనని కొంచెం ఆశగా.

"దానివల్ల మనకొక మేలు ఉంది, ఒక కీడు ఉంది. మేలేమిటంటే, వచ్చినవాళ్ళని మనం హెచ్చరించినట్టు. కీడేమిటంటే, అక్కడ ప్రమాదం ఉందని మనకి ముందే తెలుసని మనమే ఒప్పుకున్నట్టు. తెలిసి కూడా బాగుచేయించలేదేం అని అడుగుతారు."

"అయితే కట్టకుండా ఉండాల్సిందా అండీ?"

"అయ్యో, కట్టకపోతే హెచ్చరించలేదంటారు."

"మరి కట్టాలా?"

"కట్టాలి. కట్టి, రాయి బాగుచేయించాలి."

"అది మేస్త్రీ పని కదండీ."

"మేస్త్రీని పంపించేది మేమే కదా," అని మేడమ్ గారు కిటికీ వైపు తిరిగింది. ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే హడావుడి లేదు. ఆవిడకీ లోపల ఏదో గుచ్చుకుంటోందని ఆయనకి అనిపించింది.

లాయరు గారు గొంతు సవరించుకున్నాడు. "తాడు సంగతి, రాయి సంగతి అటూ ఇటూ తేలేవి కావు. మనకి గట్టి ఆధారం ఒక్కటే, మీరు. కళ్ళతో చూసింది మీరొక్కరే. మీరు గట్టిగా వద్దన్నారు, ఆవిడ లెక్కచేయకుండా లోపలికి కాలు పెట్టింది. ఈ రెండు ముక్కలూ చెబితే చాలు. మన జవాబులో కూడా అదే రాశాం. సిబ్బంది మాట వినకుండా తనకి తానే ప్రమాదం తెచ్చుకుందని."

"ఒకవేళ నేను..."

"ఒకవేళ మీరు హెచ్చరించలేదని తేలితే, అప్పుడు అది కాపలాదారు అజాగ్రత్త అవుతుంది. మ్యూజియం మిమ్మల్ని ఉద్యోగంలో ఉంచుకోవడం కష్టమవుతుంది." ఇది కూడా పాలు కాచినంత మెత్తగానే చెప్పాడు. "కానీ మీరు హెచ్చరించారు కదా."

"హెచ్చరించానండీ."

"అంతే మరి."

అంతేనా? ఇంటికి నడుస్తున్నంతసేపూ వద్దుబాబాయ్ బుర్రలో అదే తిరిగింది. తను వద్దన్నాడు. నిజం. ఆవిడ కాలు లోపలికి పెట్టింది. నిజం. రెండు నిజాలే. రెండు నిజాలు పక్కపక్కన పెడితే మధ్యలో ఏదో అబద్ధం కంపు కొడుతోంది. అది ఎక్కడినుంచి వస్తోందో మాత్రం పట్టుబడడం లేదు.

ఇంట్లో బావమరిది ఉన్నాడు. బస్సు కండక్టరు. రోజూ నానారకాల జనంతో తగవులు పడి పడి సగం వకీలు అయిపోయానని అతని నమ్మకం.

"బావా, నువ్వు అనవసరంగా తాడు కట్టావు," అన్నాడు, వినీ వినగానే. "కట్టకపోతే నీకేం సంబంధం? మంచికి పోతే చెడ్డ ఎదురైందని ఊరికే అన్నారా?"

"కట్టకపోతే ఇంకెవరైనా పడేవారు కదరా."

"పడితే పడేవారు. అప్పుడు నువ్వు చూడలేదు. చూడనివాడికి సాక్ష్యం ఏమిటి?" అని, కాసేపు ఆలోచించి, "కానీ చూడకపోవడం కాపలావాడి తప్పే అవుతుంది, కాదా?" అని తనే గుటకలు మింగాడు.

"నువ్వు బస్సు సంగతి చూసుకో," అంది అక్క. "ఉన్న తికమక చాలకనా నువ్వు వచ్చావు?"

అన్నం తింటూ వద్దుబాబాయ్ భార్యకి మొత్తం చెప్పాడు, ముక్కముక్కలుగా, ముందుది వెనకా వెనకది ముందూ. ఆవిడ ఓపిగ్గా వింది. తర్వాత కంచం పక్కకి జరిపి, "రేపు కోర్టులో ఇలాగే చెప్పావంటే జడ్జి గారికి పిచ్చెక్కుతుంది. ఏదీ, ఆ లాయరు చెప్పిన రెండు ముక్కలూ చెప్పు," అంది.

"నేను గట్టిగా వద్దన్నాను."

"బాగుంది. తర్వాత?"

"ఆవిడ..."

"ఊఁ, ఆవిడ?"

"ఆవిడ కాలు పెట్టింది."

"కాదయ్యా. ఆవిడ లెక్కచేయలేదు అనాలి."

"అదే. ఆవిడ..." అని ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ ఆగాడు. ఎన్నిసార్లు మొదలుపెట్టినా మొదటి ముక్క నూనె రాసినట్టు జారేది, రెండో ముక్క గొంతులో అడ్డం పడేది. భార్య ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. ఆవిడకి ఆ ఉద్యోగం సంగతి తెలుసు. ఈ వయసులో ఇంకోచోట ఆయన్ని ఎవరూ కుర్చీ వేసి కూర్చోబెట్టరనీ, తన ఇస్త్రీ ఒక్కదానితో ఇల్లు నడవదనీ తెలుసు. కంచాలు తీసుకుని లోపలికి వెళ్ళింది.

టైలరమ్మని పలకరించవద్దని లాయరు గారు గట్టిగా చెప్పాడు. ఎలా ఉన్నారని అడిగినా మనం తప్పు ఒప్పుకున్నట్టు లెక్క అట. మనిషి పడితే ఎలా ఉన్నావని అడగడం తప్పెలా అవుతుందో ఆయనకి బోధపడలేదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుంది వ్యవహారం. రెండు రోజులు ఆగాడు. మూడోనాడు యూనిఫాం చొక్కాకి ఉన్న బొత్తాం ఒకటి తనే పీకేసి, అది కుట్టించుకునే వంకన బట్టల కొట్టుకి వెళ్ళాడు.

ఆవిడ కత్తిరింపు బల్ల దగ్గర లేదు. అక్కడ ఇంకెవరో ఉన్నారు. టైలరమ్మ కొట్టు వెనక చిన్న స్టూలు మీద కూర్చుని, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో కాజాలకి గుర్తులు పెడుతోంది. వంకరటింకరగా వస్తున్నాయి. ఒకటి చెరిపేసి మళ్ళీ పెడుతోంది. ఆయన్ని చూసి గబుక్కున లేచింది.

"రండి అన్నయ్యా. బొత్తామా? ఇలా ఇవ్వండి." తీసుకుంది, కానీ కుట్టలేదు. బొత్తాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ నిలబడింది. "చెయ్యి సంగతి సరే. ఎప్పటికో బాగవుతుంది, లేదా అవదు. యజమాని మంచివాడు, కూర్చుని చేసే పని ఇచ్చాడు. ఎన్నాళ్ళిస్తాడో తెలీదనుకోండి. నాకు ఒక్కటే అర్థం కావడం లేదన్నయ్యా. నేను మాట వినలేదని రాశారట మీ వాళ్ళు. చెప్పినా వినని మనిషినట. మీరు వద్దన్నారు, నేను చేతులు వెనక్కి పెట్టేసుకున్నాను. మీరు చూశారు కదా? మీ వైపు చూసి తలూపాను కూడా. చిన్నప్పటినుంచీ ఇంట్లో, పనిలో, ఎక్కడా మాట పడలేదు నేను. ఇప్పుడు కోర్టులో అందరి ముందూ అంటారట. ఇంకేం వినాల్సింది నేను?"

వద్దుబాబాయ్‌కి లాయరు గారు గుర్తొచ్చాడు, మేడమ్ గారు కిటికీ వైపు తిరగడం గుర్తొచ్చింది, భార్య కంచాలు తీసుకెళ్ళడం గుర్తొచ్చింది. "బొత్తాం తర్వాత కుట్టించుకుంటానమ్మా," అని చొక్కా, బొత్తాం రెండూ లాక్కున్నట్టే తీసుకుని బయటపడ్డాడు. వీధి చివరిదాకా వెళ్ళాక గాని తను ఎటు నడవాలో గుర్తుకు రాలేదు. సిగ్గుతో చెవులు మండిపోయాయి.

కోర్టు రోజున భార్య చొక్కా ఇస్త్రీ చేసింది. బొత్తాం ఆవిడే కుట్టింది, ఎలా ఊడిందని అడగలేదు. గుమ్మం దాకా వచ్చి, "ఏం చెబుతావో నీ ఇష్టం. తికమకగా మాత్రం చెప్పకు," అంది.

కోర్టు గది ఆయన అనుకున్నంత పెద్దదేం కాదు. ఫ్యాను చప్పుడు చేస్తోంది. బెంచీల మీద వేరే కేసులవాళ్ళు తమ వంతు కోసం ఆవులిస్తూ కూర్చున్నారు. ఒకవైపు టైలరమ్మ, పక్కన లాయరమ్మ. ఇంకోవైపు మేడమ్ గారు. ఆయన్ని పిలిచారు. బోనెక్కి, నిజమే చెబుతానని ప్రమాణం చేసేటప్పుడు, ఏ నిజం అని అడగాలనిపించింది. అడగలేదు.

లాయరు గారు నవ్వుమొహంతో లేచాడు. ఏ గదిలో పనిచేస్తారు, ఎన్నాళ్ళనుంచి చేస్తారు అని నాలుగు తేలిక ప్రశ్నలు వేసి, ఆయన్ని కుదుటపరిచి, అసలు చోటికి వచ్చాడు.

"మీరు ఆవిడని హెచ్చరించారా?"

"హెచ్చరించానండీ."

"వినపడేంత గట్టిగానేనా?"

"పక్క గదిలో వాళ్ళు కూడా తిరిగి చూశారండీ."

"అయినా ఆవిడ మీ మాట లెక్కచేయలేదు. అంతేనా?"

అంతే అంటే సరిపోతుంది. ఎంత చిన్న మాట! లాయరు గారే వండి, వడ్డించి, ముద్ద కలిపి చేతికిచ్చాడు, మింగడమే మిగిలింది. వద్దుబాబాయ్ బోను కర్రని పట్టుకున్నాడు. టైలరమ్మ ఆయన వైపు చూడడం లేదు. తిట్టు పడబోయే మనిషిలా తల దించుకుని నేలకేసి చూస్తోంది.

"లెక్కచేశారండీ," అన్నాడు.

లాయరు గారి నవ్వు కొంచెం తగ్గింది. "నిదానంగా గుర్తు తెచ్చుకోండి. మీరు వద్దన్న తర్వాతే కదా ఆవిడ ముందుకి వంగింది?"

"అవునండీ."

"ఆ తర్వాతే కదా తాడు కిందనుంచి కాలు లోపలికి పెట్టింది?"

"అవునండీ."

"మరి లెక్కచేయడమంటే ఏమిటి?"

"నేను కాలు పెట్టొద్దని అనలేదండీ. ముట్టుకోవద్దు అన్నాను."

బెంచీల మీద ఆవులింతలు ఆగాయి. జడ్జి గారు రాసుకుంటున్న కలం పక్కన పెట్టి, "ఏమన్నారు?" అని ఈసారి ఆయనే అడిగారు.

"ముట్టుకోవద్దు అన్నానండీ. రాయి ఊగుతోంది, దూరంగా ఉండండి అనాలి. పడిపోతారు అనాలి. అలవాటు మాట వచ్చేసింది నోటికి. ఆవిడ ఆ మాట వినగానే చేతులు ఇలా పెట్టేసుకున్నారు." ఆయన బోనులో నిలబడి తన రెండు చేతులూ వెనక్కి పెట్టి చూపించాడు. "ఇలాగే పడ్డారండీ. చెయ్యి వదిలి ఉంటే నేలకి ఆన్చుకునేవారు, భుజం దక్కేది. వదల్లేదు. నేను వద్దన్నానని వదల్లేదు. కిందపడి కూడా, ముట్టుకోలేదన్నయ్యా అన్నారు. నా సర్వీసులో వేలమందికి చెప్పానండీ. చెప్పినట్టు చేసినవాళ్ళు ఈవిడొక్కరే. ఈవిడ మాట వినలేదని నేనెలా చెప్పను?"

లాయరు గారు కూర్చున్నాడు. మేడమ్ గారు చేతిలో కాగితాల వంక చూస్తోంది, చదువుతున్నట్టు లేదు. తన ఉద్యోగం ఆ కాగితాల్లోంచి జారి ఎటో పోతున్నట్టు ఆయనకి అనిపించింది.

"అయితే తప్పు మీదేనంటారా?" అన్నారు జడ్జి గారు.

ఆయన నిజంగానే ఆలోచించాడు. తొట్టి జారవిడిచిన కూలీలు, రాయి రంగు కోసం వెళ్ళిన మేస్త్రీ, కూర్చోని కమిటీ, అలాగే ఉంచండన్న మేడమ్ గారు, జనాన్ని అక్కడికి పిలిచిన తన తాడు, తన నోరు, అన్నీ బుర్రలో గిర్రున తిరిగాయి. ఏ చివర పట్టుకుని లాగినా ముడి విడలేదు.

"తెలీదండీ. రాయి పగలగొట్టింది నేను కాదు. బాగుచేయించాల్సింది నేను కాదు. తాడు కట్టింది నేనే, ఆ మాట అన్నదీ నేనే. ఎవరి వాటా ఎంతో నాకు అంతుపట్టడం లేదండీ, మీరే తేల్చాలి. ఆవిడ వాటా మాత్రం ఏమీ లేదండీ. అదొక్కటే నాకు తెలుసు."

జడ్జి గారు ఆ మాటని ఉన్నదున్నట్టు రాసుకోమని గుమస్తాకి చెప్పారు. టైలరమ్మ తలెత్తింది. పక్కనుంచి లాయరమ్మ ఊరుకోమని మోచెయ్యి నొక్కుతున్నా ఆగక, అందరి ముందూ బయటికే ఏడ్చేసింది.